సెకన్ల సారు కొలతలు

చొక్కాల ఫ్యాక్టరీలో ఆయన అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన సెకన్ల సారే. ఇరవై రెండేళ్ళుగా ఆయన చేసే ఉద్యోగం ఒక్కటే. మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుని, కుట్టుమిషను పక్కన నిలబడి, కాలరు కుట్టడానికి ఎన్ని సెకన్లు, జేబుకి ఎన్ని, గుండీకి ఎన్ని అని అట్ట మీద రాసుకోవడం. ఆయన రాసిన అంకెను బట్టే రోజుకి ఎవరు ఎన్ని చొక్కాలు కుట్టాలో ఫ్యాక్టరీ నిర్ణయించేది.

ఆ అలవాటు ఇంటికొచ్చినా వదల్లేదు. పళ్ళు తోముకోవడం రెండు నిమిషాల పది సెకన్లు. బూట్ల తాళ్ళు పద్దెనిమిది సెకన్లు. పెళ్ళైన కొత్తలో భార్య "నేనంటే ఇష్టమేనా" అని అడిగితే జవాబివ్వడానికి ఆయనకి నాలుగు సెకన్లు పట్టిందట. ఆ నాలుగూ ఎందుకు పట్టాయని ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

అలాంటి మనిషి నెత్తిన ఓ సోమవారం పిడుగు పడింది. కొత్తగా వచ్చిన మేనేజరు ప్రతి మిషనుకీ అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి బిగించాడు. మిషను ఎంతసేపు తిరిగిందో, ఎంతసేపు ఆగిందో ఆ డబ్బాయే చూసి మేనేజరు గదిలో తెర మీద గీతలు గీస్తుంది. దానికి టీ అక్కర్లేదు, సెలవు అక్కర్లేదు, నడుం నొప్పి రాదు.

మేనేజరు వయసులో చిన్నవాడే కానీ మర్యాద తెలిసినవాడు. సారుని గదిలోకి పిలిచి కుర్చీ వేయించాడు.

"సార్, ఇకమీదట సగం పని ఇళ్ళలో కుట్టేవాళ్ళకి ఇవ్వబోతున్నాం. ఇళ్ళలో డబ్బాలు బిగించలేం కదా. ఇంటి పనిని ఎలా కొలవాలో, ఎలా పెంచాలో ఒక నమూనా తయారుచేయండి. వచ్చేవారం శుక్రవారం నేనే వచ్చి చూస్తాను. బాగుంటే ఆ విభాగం మొత్తం మీదే."

"బాగాలేకపోతే?"

"మీకు ఘనంగా వీడ్కోలు సభ పెడదాం సార్," అన్నాడు ఎంతో ఆప్యాయంగా.

యాభై రెండేళ్ళు వచ్చి, వాచీ నొక్కడం తప్ప ఇంకో విద్య రాని మనిషికి వీడ్కోలు సభ అంటే ఏమిటో వివరించక్కర్లేదు. ఇంటిదాకా నడుస్తూ ఎన్ని నిమిషాలు పట్టిందో కూడా ఆయన చూసుకోలేదు.

నమూనా కోసం ఎక్కడెక్కడో వెతకనవసరం లేదు. ఇంటి ముందుగదిలోనే ఉంది. సారు భార్య దర్జీ. పదిహేనేళ్ళుగా ఆ వీధి వీధంతా ఆవిడ కుట్టినవే తొడుక్కుంటోంది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని గుండీలు కుట్టేది ఆవిడ అత్తగారు, అంటే సారుని కన్నతల్లి. అత్తాకోడళ్ళిద్దరూ ఒక జట్టు. ఆ జట్టులో సారుకి చోటు లేదు.

అందుకే ఉద్యోగం సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. చెప్తే కంగారు పడతారని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. నిజానికి ఆయన భయమల్లా, నవ్వుతారేమోనని.

మర్నాటి నుంచి సెలవు పెట్టి, మొదటిరోజు పొద్దున్నే ముందుగదిలో బీరువా వెనక చేరాడు.

పది నిమిషాలు కాకముందే ఆవిడ తలెత్తకుండా అడిగింది. "ఏమండీ, బీరువా వెనక ఏం చేస్తున్నారు?"

"చెదలు పట్టిందేమోనని చూస్తున్నా."

"నేను కత్తెర తెరిచినప్పుడల్లా ఆ చెద టిక్కుమంటోంది మరి."

సారు వాచీ చేత్తో మూసుకుంటూ బయటికొచ్చాడు. "నీ పని కొలుస్తున్నా. నీ మేలు కోసమే."

"నాకేం తక్కువైందని?"

"తక్కువైందో లేదో కొలిస్తే కదా తెలిసేది."

ఆవిడ ఒక్కసారి ఆయన ముఖంలోకి చూసి, ఏమనుకుందో ఏమో, కొలుచుకోమంది. సారు కుర్చీ లాక్కుని బాహాటంగానే కూర్చున్నాడు. సాయంత్రానికి అట్ట నిండిపోయింది. బేకరీ నడిపే బన్నుల బాబాయి ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చాడు. కొలతలు యాభై సెకన్లు, వాళ్ళావిడ మోకాలు గురించి ఇరవై మూడు నిమిషాలు. లైబ్రరీ అత్తయ్య గౌను కోసం వచ్చింది. కొలతలు ఒక నిమిషం, పిల్లి ఈనిన సంగతి ముప్పై ఒక్క నిమిషాలు. పిల్లలు నాలుగే, కానీ ఒక్కోదాని రంగూ విడిగా చెప్పింది.

"రోజుకి ఎన్ని కుడుతున్నావు?" అన్నాడు సారు.

"మూడు."

"పదకొండు కుట్టగలవు. మిగతా ఎనిమిదీ ఆ పిల్లి తినేస్తోంది."

"పిల్లి నాది కాదు. లైబ్రరీ అత్తయ్యని అడగండి."

కిటికీ దగ్గర నుంచి తల్లి కలగజేసుకుంది. "ఒరేయ్, నా సంగతేం తేల్చావు?"

"నీది డెబ్బై శాతం ఖాళీ సమయం అమ్మా. ఊరికే కూర్చుంటున్నావు."

"నిన్ను మోసిన తొమ్మిది నెలలూ చూసేవాళ్ళకి నేను ఊరికే కూర్చున్నట్టే కనిపించేదాన్ని. అదీ రాసుకో."

సారు ఆ డెబ్బైని గీత పెట్టి కొట్టేశాడు.

"మాటలన్నీ వృథా," అన్నాడు భార్యవైపు తిరిగి. "ఒక వారం నేను చెప్పినట్టు చేసి చూడు. కొలతలు నేను తీస్తాను. నువ్వు నోరు మెదపకుండా కుట్టు."

"సరే. ఒకటే షరతు. తిరిగొచ్చిన బట్టల కుట్లు మీరే విప్పాలి."

"నీకు ఎన్ని తిరిగొస్తుంటాయి?"

"పదిహేనేళ్ళలో రెండు."

సారు లోలోపల చంకలు గుద్దుకున్నాడు. ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకుందంటే ఎవరికైనా అనుమానం రావాలి. ఇరవై ఏళ్ళు కాపురం చేసినా ఆ పాటి జ్ఞానం ఆయనకి అబ్బలేదు.

బుధవారం నుంచి కొత్త పాలన మొదలైంది. వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలు పెరట్లోకి వెళ్ళిపోయాయి. గుమ్మానికి 'మాటలు వద్దు' అని అట్ట వేలాడింది. సారు మెడలో వాచీ పక్కన టేపు కూడా చేరింది.

"నిటారుగా నిలబడండి. చేతులు పక్కకి. తిన్నగా చూడండి."

బన్నుల బాబాయి అంతకుముందు రోజే కొలతలిచ్చానని గొణిగాడు. కొత్త పద్ధతిలో మళ్ళీ ఇవ్వాలన్నాడు సారు. బాబాయి గుమ్మంలో పోలీసుని చూసినట్టు బిగుసుకుపోయాడు. లైబ్రరీ అత్తయ్య నోరు తెరవబోతే సారు అట్టవైపు వేలు చూపించాడు. హెడ్మాస్టారు తన జన్మలో మొదటిసారి ఇంకొకరు చెప్పినట్టు నిలబడ్డాడు. మనిషికి తొంభై సెకన్లు. తరవాతివాళ్ళు రండి.

ఇల్లంతా మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. కోడలు దారపుండ కావాలంటే అత్తగారికి సైగ చేసేది. అత్తగారు ఏ రంగని సైగతోనే అడిగేది. ఊదారంగుకి సైగ ఎలా చెయ్యాలో తెలియక ఇద్దరూ చాలాసేపు అవస్థపడ్డారు. సైగల వల్ల టైము పోతోందని సారు అట్ట మీద రాసుకున్నాడు.

ఏమైతేనేం, బుధవారం ఎనిమిది, గురువారం పది, శుక్రవారం, శనివారం పదకొండేసి. మొత్తం నలభై. సారు కాలు నేల మీద నిలవలేదు. రంగురంగుల గీతలతో ముప్పై రెండు పేజీల రిపోర్టు రాశాడు. ఆఖరి పేజీలో 'మాటలు మానిన ఇల్లు, మూడింతలు మించిన పని' అని శీర్షిక పెట్టి, దాన్ని తనే రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు.

సోమవారం పొద్దున్నే తలుపు చప్పుడైంది.

బన్నుల బాబాయి ప్యాంటు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "పిండి కలుపుదామని వంగానమ్మా. గుండీ తెగి పిండిలో పడింది. ఎంత పిసికినా దొరకలేదు. ఏ బన్నులో చేరిందో, ఎవరింటికి వెళ్ళిందో."

ఆయన వెనకే లైబ్రరీ అత్తయ్య. "ఈ గౌనులో చెయ్యి పైకి లేవట్లేదే. పై అరలు అందక రెండు రోజులుగా కింది అరలో పుస్తకాలే ఇస్తున్నా. కింది అరంతా పశువైద్యం. ఊళ్ళో చదువుకున్నవాళ్ళందరూ ఇప్పుడు గేదె గర్భం గురించి మాట్లాడుతున్నారు."

హెడ్మాస్టారు ప్యాంటులో కూర్చోలేక స్టాఫ్ మీటింగు నిలబడే నడిపించాడట. ఆయన నిలబడ్డాడని టీచర్లూ నిలబడ్డారు. ఎప్పుడూ రెండు గంటలు సాగే మీటింగు తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. "ఆ విషయంలో మాత్రం ఫిర్యాదు లేదు," అన్నాడాయన. "కానీ ఇంటికెళ్ళాక భోజనం కూడా నిలబడే చెయ్యాల్సొచ్చింది."

బుధవారానికి నలభైలో ముప్పై నాలుగు తిరిగొచ్చాయి. అన్నీ బిగుతే. షరతు షరతే కనుక సారు బ్లేడు పుచ్చుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కుట్లు విప్పడానికి కూర్చున్నాడు. ఒక్కో ప్యాంటుకీ నలభై నిమిషాలు పట్టింది. ఆ టైము మాత్రం ఆయన ఎక్కడా రాసుకోలేదు.

"నువ్వే చిన్నగా కత్తిరించావు," అన్నాడు భార్యతో.

"మీరిచ్చిన అంకెలే."

"అయితే టేపే తప్పు." స్కేలు తెచ్చి చూశాడు. టేపు సరిగ్గానే ఉంది. "అయితే వారంలో అందరూ లావెక్కారు."

"ఆ గుండీ బన్ను తిని అయ్యుంటుంది," అంది తల్లి.

గురువారం బన్నుల బాబాయి ప్యాంటు ఏమైందో కనుక్కోవడానికి మళ్ళీ వచ్చాడు. సారు ఆయన్ని నిలబెట్టి నడుం చుట్టూ టేపు బిగించాడు. ముప్పై ఎనిమిది. తన రిపోర్టులో ఉన్న అంకే. "చూశావా?" అన్నట్టు భార్యవైపు చూశాడు.

ఆవిడ పెరట్లోంచి కుర్చీ తెచ్చి వేసింది. "కూర్చోండి బాబాయిగారూ. పిన్నిగారి మోకాలు ఎలా ఉంది?"

"ఏం చెప్పమంటావమ్మా, మెట్లెక్కితే చాలు," అని మొదలుపెట్టాడు బాబాయి. మోకాలు నుంచి మేడ మీదికి, మేడ మీద నుంచి అద్దెకున్నవాళ్ళ కుక్క మీదికి, కుక్క నుంచి కొత్త పొయ్యి మీదికి వెళ్ళాడు. పొయ్యి ఎంత పొడుగో చూపించడానికి లేచి చేతులు చాపాడు. ఆవిడ 'అబ్బో' అంటూనే టేపు చుట్టి తీసేసింది. ఆయనకి ఆ సంగతే తెలియదు.

"నలభై రెండు," అంది భర్తతో.

"నాలుగు అంగుళాలు ఎక్కడినుంచి వచ్చాయి?"

"ఎక్కడినుంచీ రాలేదు. మీరు కొలుస్తుంటే లోపలికెళ్ళాయి. టేపు కనిపిస్తే ప్రతి మనిషీ పొట్ట బిగబడతాడండీ. మాటల్లో పడితే వదుల్తాడు. వదిలినప్పుడు కొలిస్తేనే బట్ట సరిపోయేది."

సారు నేల మీద గుట్టగా పడి ఉన్న బట్టలవైపు చూశాడు. బాబాయి పొయ్యి కబుర్లు ముగించి వెళ్ళిపోయాడు.

ఆవిడ మిషను ముందు కూర్చుంటూ మెల్లిగా అంది. "మీ ఫ్యాక్టరీలో మాత్రం బిగబట్టరా ఏమిటి?"

"అంటే?"

"కాలరు కుట్టే అమ్మాయిలందరూ నా దగ్గరికే వస్తారు. మీరు పక్కన నిలబడితే కాలరుకి నలభై సెకన్లు. మీరు అటు తిరిగితే పద్దెనిమిది."

"ఎప్పట్నుంచి?"

"మీరు చేరిన రోజు నుంచి. మీరు నలభై అని రాస్తే వాళ్ళ వాటా మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. తరవాత జ్వరం వచ్చినామె వాటా, పురిటికెళ్ళి వచ్చినామె వాటా తలా కాస్త కుట్టిపెడతారు. మీ ఫ్యాక్టరీ అలా నడుస్తోంది."

ఇరవై రెండేళ్ళ అట్టలు, అంకెలు, గీతలు సారు కళ్ళముందు గిర్రున తిరిగాయి. "ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"మీకు తప్ప అందరికీ."

"నాకూ తెలుసు," అంది తల్లి సూదిలో దారం ఎక్కిస్తూ.

సారు బ్లేడు పక్కన పెట్టేశాడు. ఇక దాచి లాభం లేదనిపించింది. డబ్బాల సంగతి, శుక్రవారం సంగతి, వీడ్కోలు సభ సంగతి అన్నీ చెప్పేశాడు.

"తెలుసండీ," అంది ఆవిడ. "ఆ సోమవారం సాయంత్రమే కాలరు అమ్మాయి చెప్పింది. మీరు చెప్తారేమోనని పది రోజులు చూశాను."

"తెలిసే ఒప్పుకున్నావా? నీ పేరంతా పాడైంది కదా."

"ముప్పై నాలుగూ మళ్ళీ కుడితే పేరు వస్తుంది. మీరు బీరువా వెనక నిలబడ్డ ముఖం చూస్తే కాదనలేకపోయాను."

సారుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కాసేపటికి ఆశ చావక అడిగాడు. "రేపు మేనేజరు వచ్చినప్పుడు ఒక్క గంట మాటల్లేకుండా గబగబా కుట్టవూ? పదకొండు అయ్యేటట్టు కనిపిస్తే చాలు."

"అంటే నన్నూ పొట్ట బిగబట్టమంటారు."

సారు మళ్ళీ బ్లేడు అందుకున్నాడు.

శుక్రవారం పది గంటలకి మేనేజరు వచ్చాడు. బజారులో కొన్న చొక్కా, గుండీకీ గుండీకీ మధ్య నోళ్ళు తెరుచుకుని ఉంది. సారు ముప్పై రెండు పేజీలు పట్టుకుని లేచి నిలబడేలోపే ఆవిడ కుర్చీ చూపించింది.

"కూర్చోండి బాబూ. ఈ చొక్కాతో రోజంతా ఎలా ఉంటున్నారు?"

"అలవాటైపోయిందండీ."

"భోజనం వేళకి చేస్తున్నారా?"

ఆ ప్రశ్న మేనేజరుని ఎవరూ అడిగి చాలా రోజులైనట్టుంది. కుర్చీలో వెనక్కి వాలాడు. హెడాఫీసు వాళ్ళు అతని కంప్యూటరుకీ ఒక లెక్క పెట్టారట. వేళ్ళు కదలకుండా అయిదు నిమిషాలు దాటితే వాళ్ళ తెర మీద అతని పేరు ఎర్రబడుతుంది. "అందుకని ఒక చేత్తో తింటానండీ, రెండో చేత్తో ఏదో ఒకటి టైపు చేస్తూ. నిన్న హెడాఫీసుకి వెళ్ళిన ఉత్తరంలో సగం పేజీ ఒకటే అక్షరం."

"అయ్యో పాపం," అంటూ ఆవిడ టేపు చుట్టి తీసేసింది. "నలభై. మీరు తొడుక్కున్నది ముప్పై ఆరు."

మేనేజరు తెల్లబోయి చూసి, అప్పుడు గుర్తొచ్చినట్టు చెయ్యి చాపాడు. "సార్, ఆ రిపోర్టు."

సారు ఇవ్వలేదు. పేజీలు ఛాతీకి హత్తుకుని నిలబడ్డాడు. ఇస్తే ఉద్యోగం ఉంటుంది. ఆ రంగు గీతలు చూస్తే ఎవరైనా పడిపోతారు. ఆయన భార్యవైపు చూశాడు. ఆవిడ సాయం చెయ్యలేదు, దారం కొరుకుతోంది.

"ఇది తప్పు బాబూ," అన్నాడు చివరికి. "రోజుకి పదకొండని రాశాను. నిజంగానే కుట్టింది. కానీ నలభైలో ముప్పై నాలుగు తిరిగొచ్చాయి. విప్పింది నేనే, అదుగో బ్లేడు. అసలు లెక్క మూడే. నేను పక్కన నిలబడితే ఎవరూ మామూలుగా ఉండరు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది."

కాలరుకి పద్దెనిమిది సెకన్లన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మాత్రం మింగేశాడు. ఆయన ఉద్యోగంలో మొదటిసారి ఒక అంకెని తనలోనే ఉంచుకున్నాడు.

మేనేజరు తలుపువైపు ఒకసారి చూశాడు. తరవాత గొంతు తగ్గించి అన్నాడు. "నా డబ్బాలూ అంతే సార్. మిషన్లన్నీ పొద్దస్తమానం తిరుగుతున్నట్టే చూపిస్తున్నాయి. చొక్కాలు మాత్రం అంతకుముందుకంటే తక్కువ వస్తున్నాయి. నిన్న వెళ్ళి చూస్తే సూదుల కింద చొక్కాలు కాదు, గుడ్డపీలికలు. ఎందుకలా చేస్తున్నారని అడిగితే ఒక్కరూ చెప్పరు. హెడాఫీసుకి ఏం చెప్పాలో తెలియట్లేదు." ఆవిడవైపు తిరిగాడు. "అమ్మా, మీరు అడిగితే చెప్తారు. ఇళ్ళలో కుట్టేవాళ్ళ విభాగానికి మీరే రండి."

"నేనొస్తే ఇక్కడెవరు మాట్లాడతారు బాబూ," అంది ఆవిడ. "ఆయన్నే తీసుకెళ్ళండి. నిజం చెప్పడం ఇప్పుడే వచ్చింది. వాచీ మాత్రం ఇంట్లో పెట్టి వస్తారు. ఇల్లిల్లూ తిరిగి కూర్చుని, వాళ్ళు చెప్పింది విని రావడమే పని."

"విన్నారో లేదో నాకెలా తెలుస్తుంది?"

"వాళ్ళంతా గౌన్లకి నా దగ్గరికే వస్తారుగా. నెలనెలా నేను చెప్తాను."

మేనేజరు ముఖం వికసించింది. సారు ముఖం మాత్రం ఎటూ తేలలేదు. ఉద్యోగం నిలబడింది, నిజమే. కానీ ఇకమీదట ఆయన పని కొలిచేది ఆయన భార్య. ఈ ఏర్పాటులో ఎక్కడో తను మునిగిపోయానని తెలుస్తోంది కానీ, ఎక్కడో చెప్పలేకపోయాడు.

సోమవారం కొత్త పని మొదలు. పొద్దున్నే భార్య కొత్త ప్యాంటు చేతికిచ్చింది. తొడుక్కుంటే నీళ్ళలో చేప దిగినంత తేలిగ్గా దిగింది. సారు అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు.

"చూశావా? పెళ్ళినాటి కొలతే. ముప్పై రెండు. అంగుళం కదల్లేదు."

కిటికీ దగ్గర తల్లికి పొలమారింది.

"ముప్పై తొమ్మిది," అంది భార్య, మడతపెడుతున్న బట్టల మీంచి తలెత్తకుండా. "ఏటా కాస్త కాస్త వదులు చేస్తూ వచ్చాను."

"నన్నెప్పుడు కొలిచావు? నాకు ఒక్కసారి కూడా గుర్తులేదే."

"మీరు ఫ్యాక్టరీ కబుర్లు మొదలుపెట్టినప్పుడల్లా."

సారు అద్దంలో తన నడుంవైపు ఇంకోసారి చూసుకున్నాడు. తరవాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ప్యాంటు ఎక్కడా పట్టెయ్యలేదు.